ఖాళీ ఉన్నా చోటు లేదు



ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. టవర్ మేడ మీంచి కనబడుతూనే ఉంటుంది. అయినా వీడియో కాల్ కలవదు, కలిసినా బొమ్మ కదలదు. 3జీ ఫోన్లు వాడినవాళ్ళకి ఇది బాగా తెలిసిన బాధ. టవర్ మీద జనం ఎక్కువైపోయారులే అని సరిపెట్టుకునేవాళ్ళం. చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ టవర్ దగ్గర సగం జాగా ఖాళీగా పడి ఉన్నా, కొత్తగా వచ్చిన కాల్‌ని వెనక్కి పంపాల్సిన పరిస్థితి ఒకటి ఉంటుంది. ఉన్న జాగా ముక్కలు ముక్కలైపోవడమే దానికి కారణం. సెల్‌ఫోన్ ఇంజనీరింగ్‌లో నాకు ఎంతో ఇష్టమైన లెక్క ఇది. పెద్ద గణితం అక్కర్లేదు, కూడికలూ గుణకారాలూ వస్తే చాలు. దగ్గర్లో కాగితం, పెన్సిలు ఉంటే తెచ్చుకోండి.

ముందు గాలిని పంచుకోవడం గురించి రెండు మాటలు. ఒక టవర్ కింద ఎన్నో ఫోన్లు. అన్నిటికీ ఉన్నది ఒకటే గాలి. అందరూ ఒకేసారి తరంగాలు వదిలితే ఎవరి మాటా ఎవరికీ అందదు. కాబట్టి పంచాలి. 1995 జూలై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ అది. అది వెళ్ళింది జీఎస్‌ఎం అనే పద్ధతిలో. అందులో పంపకం సూటిగా ఉంటుంది. ఫ్రీక్వెన్సీని 200 కిలోహెర్ట్జ్‌ల పట్టీలుగా కోస్తారు, ఒక్కో పట్టీలో కాలాన్ని 8 వంతులు చేస్తారు. మన వంతు వచ్చినప్పుడు మన మాట వెళ్తుంది, మిగతా ఏడు వంతులూ వేరేవాళ్ళవి.

సీడీఎంఏ అనే పద్ధతి వచ్చి ఈ గట్లన్నీ తీసేసింది. అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే సమయంలో మాట్లాడతారు. ఎవరి మాట ఏదో తేల్చేది కోడ్. అమెరికాలోని శాండియాగోలో పుట్టిన క్వాల్‌కామ్ సంస్థ 1989లో ఆ ఊళ్ళోనే దీన్ని ప్రదర్శించి చూపించింది. 1995లో హాంకాంగ్‌లో, 1996లో దక్షిణ కొరియాలో ఇది జనం చేతికి వచ్చింది. మన దేశంలో టాటా వాళ్ళు సీడీఎంఏ సేవలు మొదలుపెట్టింది అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే. 2002 డిసెంబరు 28న రిలయన్స్ కూడా దిగింది. మరుసటి ఏడు 501 రూపాయలు కట్టించుకుని చేతికిచ్చిన ఆ ఫోన్లు చాలామందికి గుర్తుండే ఉంటాయి. వాటిలో సిమ్ కార్డు ఉండేది కాదు.

కోడ్ మాటల్ని ఎలా వేరుచేస్తుందో చూడడానికి ఇప్పుడు పెన్సిలు తీయండి. నాలుగేసి గళ్ళతో నాలుగు వరసలు గీయండి. మొదటి వరసలో నాలుగూ ప్లస్‌లే. రెండో వరస ప్లస్, ప్లస్, మైనస్, మైనస్. మూడో వరస ప్లస్, మైనస్, ప్లస్, మైనస్. నాలుగో వరస ప్లస్, మైనస్, మైనస్, ప్లస్. ప్లస్ అంటే ప్లస్ 1 అని, మైనస్ అంటే మైనస్ 1 అని అనుకోండి. వీటిలో ఏ రెండు వరసలు తీసుకుని గడికి గడి గుణించి, వచ్చిన నాలుగింటినీ కూడినా జవాబు సున్నా. ఏ రెండయినా సరే, నిదానంగా చేసి చూడండి. ఒకే వరసని దానితోనే గుణించి కూడితే మాత్రం 4 వస్తుంది.

సీతకి రెండో వరస ఇచ్చాం, గిరికి మూడో వరస ఇచ్చాం అనుకుందాం. టవర్ సీతకి "అవును" అని పంపాలి. సీత వరసని ఉన్నదున్నట్టు పంపుతుంది: ప్లస్ 1, ప్లస్ 1, మైనస్ 1, మైనస్ 1. అదే క్షణంలో గిరికి "కాదు" అని పంపాలి. గిరి వరసని తిరగేసి పంపుతుంది: మైనస్ 1, ప్లస్ 1, మైనస్ 1, ప్లస్ 1. రెండూ గాలిలో కలిసిపోతాయి. కలిస్తే వచ్చేది సున్నా, ప్లస్ 2, మైనస్ 2, సున్నా. రెండు ఫోన్లకీ అందేది ఈ కలగాపులగమే. సీత ఫోన్ దాన్ని తన వరసతో గడికి గడి గుణిస్తుంది: సున్నా, 2, 2, సున్నా. మొత్తం ప్లస్ 4, అంటే "అవును". గిరి ఫోన్ తన వరసతో గుణిస్తుంది: సున్నా, మైనస్ 2, మైనస్ 2, సున్నా. మొత్తం మైనస్ 4, అంటే "కాదు". మొదటి వరస పట్టుకుని కూర్చున్న మూడో మనిషి ఫోన్‌లో సున్నా వస్తుంది. అతనికి ఎవరూ ఏమీ పంపలేదు మరి! ఎవరి మాట వాళ్ళకి చేరింది, పక్కవాళ్ళ మాట చెవిన పడనే లేదు.

ఈ వరసల వెనక ఉన్న గణితం సెల్‌ఫోన్ కంటే చాలా పాతది. ఇంగ్లండులో సిల్వెస్టర్ 1867లో, ఫ్రాన్సులో హడమార్ 1893లో, అమెరికాలో వాల్ష్ 1923లో వీటి మీద పని చేశారు. వాళ్ళలో ఎవరూ ఫోన్ గురించి ఆలోచించి ఉండరు. వాల్ష్ పేరుతోనే ఈ కోడ్‌లని నేటికీ పిలుస్తున్నారు. మొదటి తరం సీడీఎంఏలో ఒక్కో వరసకి 64 గళ్ళు, అలాంటి వరసలు 64. వాటిలో కొన్ని టవర్ సొంత పనులకి పోగా మిగిలినవి ఫోన్ కాల్స్‌కి. అందరిదీ మాటే, అందరి మాటకీ దాదాపు ఒకే వేగం. ఒక కాల్ వచ్చింది, ఒక కోడ్ ఇచ్చారు. అయిపోయింది, వెనక్కి తీసుకున్నారు. అక్కడ పంపకంలో తగాదా ఏమీ లేదు.

తగాదా, కోడ్‌ల మీదే నడిచే 3జీతో మొదలైంది. 2001 అక్టోబరు 1న జపాన్‌లో ఎన్‌టీటీ డోకోమో ఆ సేవల్ని ఆరంభించింది. ఇప్పుడు ఒకాయన మాట్లాడుకుంటాడు, ఒకావిడ వీడియో కాల్ చేస్తుంది, కుర్రాడొకడు పాట దించుకుంటాడు. ముగ్గురికీ కావలసిన వేగాలు వేరు. ఒకే పొడవు కోడ్‌లు అందరికీ ఇస్తే మాటకి ఎక్కువైపోతుంది, వీడియోకి చాలదు. దీనికి జపాన్ ఇంజనీర్లు అదాచి, సవహాషి, ఒకావా 1997లోనే ఒక దారి చూపించారు. కోడ్‌లన్నిటినీ ఒక చెట్టుగా అమర్చారు.

చెట్టు ఎలా పెరుగుతుందంటే, ఏ కోడ్ నుంచైనా రెండు పిల్లలు పుడతాయి. మొదటి పిల్లలో తల్లి కోడ్‌ని రెండుసార్లు వరసగా రాస్తాం. రెండో పిల్లలో ఒకసారి ఉన్నదున్నట్టు, రెండోసారి తిరగేసి రాస్తాం. ప్లస్, ప్లస్ అనే రెండు గళ్ళ కోడ్ ఉంది. దాని మొదటి పిల్ల ప్లస్, ప్లస్, ప్లస్, ప్లస్. రెండో పిల్ల ప్లస్, ప్లస్, మైనస్, మైనస్. మీ కాగితం మీద ఉన్న మొదటి రెండు వరసలూ ఇవే. పిల్లలకి మళ్ళీ పిల్లలు, తరం మారినప్పుడల్లా గళ్ళు రెట్టింపు. 3జీలో టవర్ నుంచి ఫోన్‌కి వచ్చే దారిలో 4 గళ్ళ కోడ్‌ల నుంచి 512 గళ్ళ కోడ్‌ల దాకా వాడతారు.

ఈ గళ్ళని చిప్‌లు అంటారు. టవర్ సెకనుకి 38,40,000 చిప్‌లు పంపుతుంది. ఈ వేగం ఎవరికీ మారదు. కోడ్ పొట్టిదైతే సెకనులో అది ఎక్కువసార్లు పడుతుంది, కాబట్టి సమాచారం ఎక్కువ వెళ్తుంది. పొడుగుదైతే తక్కువ. మామూలు మాటకి 128 చిప్‌ల కోడ్ సరిపోతుంది. సెకనుకి 64 కిలోబిట్ల వీడియో కాల్‌కి 32 చిప్‌ల కోడ్ కావాలి. 384 కిలోబిట్ల డేటాకి 8 చిప్‌ల కోడే కావాలి. అలాంటివి చెట్టు మొత్తానికి ఎనిమిదే. టవర్ తన ఉనికి చెప్పుకునే సంకేతాలు వాటిలో ఒకదాని సంతానంలోనే ఉంటాయి కాబట్టి ఆ కొమ్మ మీద ఎవరికీ పొట్టి కోడ్ ఇవ్వడానికి లేదు. మిగిలినవి ఏడు. ఏడుగురు గట్టిగా డేటా లాగితే ఆ చెట్టు నిండిపోయినట్టే.

ఈ చెట్టుకి ఒక కఠినమైన నియమం ఉంది. ఒక కోడ్‌ని ఎవరికైనా ఇచ్చామంటే, ఆ కొమ్మ కింద ఉన్న పిల్లల్నీ మనవల్నీ ఇంకెవరికీ ఇవ్వకూడదు. పైన ఉన్న తల్లినీ అమ్మమ్మనీ కూడా ఇవ్వకూడదు. ఎందుకో కాగితం మీదే తేలుతుంది. గిరికి ప్లస్, ప్లస్ అనే పొట్టి కోడ్ ఇచ్చి, సీతకి దాని పిల్ల అయిన ప్లస్, ప్లస్, మైనస్, మైనస్ ఇచ్చామనుకోండి. నాలుగు చిప్‌ల కాలంలో గిరికి రెండు జవాబులు వెళ్తాయి. ఒకటి "అవును", రెండోది "కాదు" అయితే గాలిలోకి వెళ్ళేది ప్లస్, ప్లస్, మైనస్, మైనస్. అచ్చంగా సీత కోడ్! గిరికి పంపిన మాట సీత ఫోన్‌లో "అవును" అని వినబడుతుంది. ఇంక ఆ రెండు కాల్స్ పని అయిపోయినట్టే.

అసలు సంగతికి వచ్చాం. కాగితం మీద కొత్తగా 8 ఆకులున్న చెట్టు గీయండి. కింద 1 నుంచి 8 దాకా ఆకులు. ఒకటీ రెండూ కలిసే చోట ఒక తల్లి, మూడూ నాలుగూ కలిసే చోట ఒక తల్లి, అలా నలుగురు. ఆ తల్లులు జతలుగా కలిసే చోట ఇద్దరు అమ్మమ్మలు. ఆ పైన మొదలు. ఒక ఆకు అంటే ఒక మామూలు కాల్. ఒక తల్లి అంటే రెట్టింపు వేగం. ఒక అమ్మమ్మ అంటే నాలుగింతలు. ఇప్పుడు నాలుగు మామూలు కాల్స్ వచ్చాయి. వాటిని ఒకటి, మూడు, అయిదు, ఏడు నంబర్ల ఆకుల మీద కూర్చోబెట్టాం. సగం ఆకులు ఖాళీ. అయిదో మనిషి వచ్చి రెట్టింపు వేగం అడిగాడు. నాలుగు ఆకుల జాగా ఉంది, అతను అడిగేది రెండాకుల జాగా. కానీ ఏ తల్లిని చూసినా కింద ఒక పిల్ల ఎవరి చేతిలోనో ఉంది. ఇవ్వడానికి ఒక్క తల్లి కూడా లేదు. అతన్ని వెనక్కి పంపేయాలి. ఆ నాలుగు కాల్స్‌నే ఒకటి, రెండు, మూడు, నాలుగు ఆకుల మీద పెట్టి ఉంటే, అవతలి సగమంతా విడిగా మిగిలేది. రెట్టింపు వేగం ఏమిటి, నాలుగింతలు అడిగినా కాదనక్కర్లేదు.

పెళ్ళి భోజనాల బంతిలో మనం చూసేదే ఇది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఒక విస్తరి వదిలి ఒక విస్తరి దగ్గర కూర్చుంటే, నలుగురున్న కుటుంబం వచ్చి పక్కపక్కన చోటు దొరక్క నిలబడిపోతుంది. చెట్టులో ఇబ్బంది ఇంకా ఎక్కువ. బంతిలో రెండో విస్తరీ మూడో విస్తరీ పక్కపక్కన ఖాళీ ఉంటే ఇద్దరు కూర్చోవచ్చు. చెట్టులో రెండో ఆకూ మూడో ఆకూ పక్కపక్కనే ఉన్నా ఒక తల్లి పిల్లలు కావు కాబట్టి ఆ జత పనికిరాదు.

చెదిరిన ఆకులు రెండిటిని కలిపి ఒకే ఫోన్‌కి ఇచ్చేస్తే పోదా అని అడగవచ్చు. 3జీ ప్రమాణాల్లో దానికి వీలు లేకపోలేదు. కానీ ఒకేసారి రెండు కోడ్‌లు విప్పాలంటే ఫోన్ లోపల సరంజామా పెరగాలి, బ్యాటరీ ఖర్చూ పెరుగుతుంది. మామూలు ధర ఫోన్ల మీద ఆ భారం వేయడం న్యాయం కాదు. తెలివి టవర్ దగ్గర ఉండాలి. ఫోన్ చవగ్గా ఉండాలి.

ఆ తెలివి రెండు రకాలు. వచ్చిన కాల్‌ని మొదటే సరైన చోట పెట్టడం ఒకటి. పెట్టాక చెదిరిపోతే సర్దడం రెండోది. ఈ రెండో దాని మీద 2000లో థిట్ మిన్, కై-యూంగ్ సియూ రాసిన పరిశోధనా పత్రం పేరు పొందింది. పెద్ద వేగం అడిగిన కాల్ వస్తే, ఏ కొమ్మని ఖాళీ చేయించడం అన్నిటికంటే చవకో లెక్కగట్టి, ఆ కొమ్మ మీద ఉన్న చిన్న కాల్స్‌ని వేరే ఆకులకి మార్చే పద్ధతి చెప్పారు. మొత్తం జాగా సరిపడా ఉంటే చాలు, ముక్కలైపోయిందన్న కారణంతో ఎవర్నీ వెనక్కి పంపక్కర్లేదు. గణితంగా చూస్తే ముచ్చటైన పరిష్కారం.

ఆచరణకి వచ్చేసరికి నాకు దాని మీద కొంచెం బెరుకు. నడుస్తున్న కాల్‌కి కోడ్ మార్చాలంటే ముందు టవర్ వైపు నుంచి ఫోన్‌కి కబురు వెళ్ళాలి. ఫోన్ సరే అనాలి. ఇద్దరూ ఒకే క్షణంలో పాతది వదిలి కొత్తది పట్టుకోవాలి. ఆ కబుర్లకీ గాలిలో జాగా కావాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఆ కబురు చేరకపోతే మాట్లాడుతున్న మనిషి కాల్ తెగుతుంది. కొత్తగా వచ్చినవాడి కోసం, ఏ పాపం తెలియని పాతవాడి కాల్‌ని ప్రమాదంలో పెట్టినట్టవుతుంది. అందుకని కదిలించడం ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. తప్పనిసరి అయితేనే, ఒకటి రెండు మార్పులతో పని జరిగేటప్పుడే చేయాలి.

కాబట్టి మొదటే సరిగ్గా పెట్టడం మీద శ్రద్ధ పెట్టాలి. తైవాన్ పరిశోధకులు యూ-చీ సెంగ్, చిహ్-మిన్ చావ్ 2002లో అచ్చయిన పత్రంలో ఈ పెట్టే పద్ధతుల్ని పోల్చి చూపించారు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, ఏదో ఒకటి ఇచ్చేయడం అన్నిటికంటే నాసి. ఎడమ చివర నుంచి వరసగా నింపుకుంటూ రావడం దానికంటే మెరుగు. కిక్కిరిసిన కొమ్మనే ముందు నింపడం ఇంకా మెరుగు. ఈ చివరి రెండిటికీ తేడా ఎక్కడ వస్తుందో ఒకసారి చూద్దాం.

మన 8 ఆకుల చెట్టులో ఇప్పుడు ఒకటి, అయిదు, ఆరు, ఏడు ఆకుల మీద కాల్స్ ఉన్నాయి. ఖాళీగా ఉన్నవి రెండు, మూడు, నాలుగు, ఎనిమిది. ఒక మామూలు కాల్ వచ్చింది. ఎడమ నుంచి నింపే పద్ధతి దాన్ని రెండో ఆకు మీద పెడుతుంది. కిక్కిరిసిన కొమ్మని వెతికే పద్ధతి కొంచెం ఆగి చూస్తుంది. రెండో ఆకు తల్లి కింద ఒక కాల్ ఉంది, ఎనిమిదో ఆకు తల్లి కింద కూడా ఒకటే ఉంది. సమానం. అప్పుడు ఒక తరం పైకెళ్ళి చూస్తుంది. ఎడమ అమ్మమ్మ కింద ఉన్నది ఒక్కటే కాల్, కుడి అమ్మమ్మ కింద మూడు. కుడివైపే రద్దీ ఎక్కువ కాబట్టి ఎనిమిదో ఆకు ఇస్తుంది. ఇప్పటికి రెండు చెట్లూ ఒకేలా ఉన్నట్టు కనిపిస్తాయి. ఎందులో అయినా మిగిలింది మూడు ఆకులే. కాసేపటికి ఒకటో ఆకు మీది మనిషి ఫోన్ పెట్టేశాడు. మొదటి పద్ధతిలో రెండో ఆకు మీద కాల్ కూర్చుని ఉంది కనక ఎడమ సగం విడిపడలేదు. రెండో పద్ధతిలో ఎడమ సగమంతా ఒక్కసారిగా విడిపడింది. అప్పుడు నాలుగింతల వేగం అడుగుతూ ఎవరైనా వస్తే ఒక టవర్ లేదంటుంది, ఇంకో టవర్ రమ్మంటుంది. రెండు టవర్లకీ పెట్టిన డబ్బు ఒకటే, పట్టిన కరెంటు ఒకటే. తేడా అల్లా ఆ ఒక్క ఆకు ఎవరికిచ్చారన్నదే. ఈ లెక్క చేసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇదే ఆలోచన కంప్యూటర్ మెమరీ పంచేవాళ్ళకి ఇంకా ముందే వచ్చింది. రెట్టింపు రెట్టింపుగా ముక్కలు కోసి, ఖాళీ అయిన జంట ముక్కల్ని మళ్ళీ అతికే పద్ధతిని నోల్టన్ 1965లో రాశాడు. కంప్యూటర్‌వాళ్ళు చదివిందాన్ని ఫోన్‌వాళ్ళు, ఫోన్‌వాళ్ళు చదివిందాన్ని కంప్యూటర్‌వాళ్ళు చదివితే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది.

ఇక్కడ రెండు మాటలు చెప్పకపోతే లెక్క ఒకవైపే చెప్పినట్టవుతుంది. ఈ చెట్టు ఇరుకు టవర్ నుంచి ఫోన్‌కి వచ్చే దారిలోనే. ఫోన్ నుంచి టవర్‌కి వెళ్ళే దారిలో ప్రతి ఫోన్‌కీ విడిగా, దాని సంకేతాన్ని మిగతావాటి నుంచి వేరుచేసే స్క్రాంబ్లింగ్ కోడ్ ఒకటి ఉంటుంది, అందుకని ఒక్కో ఫోన్‌కి తన సొంత చెట్టు ఉన్నట్టే. పక్కపక్క టవర్లు కూడా అలాగే. 3జీలో టవర్ల కోసం 512 ప్రధాన స్క్రాంబ్లింగ్ కోడ్‌లు ఉన్నాయి, వాటితో ఒకే చెట్టుని అన్ని టవర్లూ వాడుకుంటాయి. రెండో మాట, అన్నిచోట్లా ముందు అయిపోయేది కోడ్‌లే కావు. దూరంగా ఉన్న పల్లెకి సిగ్నల్ పంపే టవర్‌లో ముందు పవర్ అయిపోతుంది. ఆఫీసుల్లో, జనం టవర్‌కి దగ్గరగా మూగేచోట, ఒక్కొక్కరికి తక్కువ పవర్ చాలు కాబట్టి ముందుగా కోడ్‌లు అయిపోతాయి. రద్దీ ఉన్నచోటే పంపకం నేర్పు అక్కరకొస్తుంది.

వీటన్నిటికంటే పెద్ద దుబారా ఇంకొకటి ఉండేది. ఒకతను 384 కిలోబిట్ల కోడ్ తీసుకుని ఒక వార్త తెరిచాడు. పేజీ రెండు క్షణాల్లో వచ్చేసింది. అతను నిదానంగా చదువుకుంటున్నాడు. ఆ చదివేసేపూ చెట్టులో ఎనిమిదో వంతు అతని పేరునే, ఏమీ మోయకుండా, ఉండిపోయేది. కొంతసేపు చూసి వెనక్కి లాక్కునే ఏర్పాటు ఉన్నా, ఆ కొంతసేపూ నష్టమే. 2002లో వచ్చిన హెచ్‌ఎస్‌డీపీఏ ప్రమాణం ఈ మూలాన్నే సరిచేసింది. 16 చిప్‌ల కోడ్‌లు 15 దాకా ఒక ఉమ్మడి నిల్వగా పెట్టి, 2 మిల్లీసెకన్లకోసారి ఎవరికి అవసరమో చూసి వాళ్ళకి అప్పగిస్తుంది. ఎవరి పేరు మీదా కోడ్ ఉండదు. డేటా పారుతున్నంతసేపే అది నీది. నా దృష్టిలో 3జీ నెట్‌వర్క్ చరిత్రలో చేసిన మంచి పనుల్లో ఇదే మొదటిది. మామూలు కాల్స్‌కి మాత్రం చెట్టు లెక్క అలాగే మిగిలింది. ఆ 15 కోడ్‌ల్లో ఎన్నిటిని మాటకి వదలాలన్నది ఇంజనీర్లకి రోజూ ఉండే బేరమే.

మన దేశంలో ఈ జాగా ఎంత విలువైందో ఒక్క అంకె చెబుతుంది. 2008 డిసెంబరులో ఎంటీఎన్‌ఎల్ ఢిల్లీలో 3జీ ఆరంభించింది. ప్రైవేటు కంపెనీల కోసం వేలం 2010 ఏప్రిల్ 9న మొదలై మే 19న ముగిసింది. 183 రౌండ్లు జరిగాయి, ప్రభుత్వానికి వచ్చింది దాదాపు 67,719 కోట్ల రూపాయలు. అంత డబ్బు పోసిన కంపెనీకి ఒక సర్కిల్‌లో దక్కింది పంపడానికి 5 మెగాహెర్ట్జ్, అందుకోవడానికి 5 మెగాహెర్ట్జ్. 3జీలో ఒక వాహక తరంగానికి సరిగ్గా అంతే కావాలి. అంటే టవర్ ఒక్కో దిక్కుకీ ఒక్క చెట్టు. స్పెక్ట్రమ్ ప్రజల ఆస్తి. దాన్ని కోట్లు పోసి కొని, ఆకులు చిందరవందరగా పంచి సగం ఖాళీ పెట్టుకోవడం కంపెనీకి నష్టం, ఫోన్ పట్టుకుని నిలబడ్డ మనకి ఇంకా నష్టం. కొత్త స్పెక్ట్రమ్ కొనాలంటే వేలం కావాలి, కొత్త టవర్‌కి స్థలమూ ఇనుమూ కావాలి. పంపకం నేర్పుకి కావలసింది ఆలోచన ఒక్కటే.

3జీ కాలం పోయింది కదా, ఇప్పుడు ఈ లెక్క ఎందుకు అంటారేమో. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక దేశమంతా 4జీ బాట పట్టింది, 2019లో ఎయిర్‌టెల్ కోల్‌కతాతో మొదలుపెట్టి 3జీని ఆపేస్తూ వచ్చింది. 4జీలో కోడ్‌ల చెట్టు లేదు. ఫ్రీక్వెన్సీని 180 కిలోహెర్ట్జ్‌ల దిమ్మలుగా చేసి మిల్లీసెకనుకోసారి పంచుతారు. కానీ ముక్కలైపోయే రోగం అక్కడికీ వచ్చింది. 4జీ తొలి ప్రమాణంలో ఫోన్ నుంచి టవర్‌కి పంపే దారిలో ఒక ఫోన్‌కి ఇచ్చే దిమ్మలన్నీ పక్కపక్కనే ఉండాలి. చెదిరిన ఖాళీలు అక్కడా దండగే. ఇంకా దగ్గరి పోలిక ఒకటుంది. ఏ దిమ్మ ఎవరిదో ఫోన్లకి చెప్పే ఒక చిన్న కబురు దారి ఉంటుంది. అందులో ఒక్కో కబురుకి 1, 2, 4, 8 గళ్ళు పడతాయి, 5జీలో 16 కూడా. సిగ్నల్ బాగున్న ఫోన్‌కి ఒక గడి, బలహీనంగా ఉన్న ఫోన్‌కి ఎక్కువ గళ్ళు. గళ్ళని సున్నా నుంచి లెక్కపెడితే, నాలుగు గళ్ళ కబురు నాలుగో ఎక్కం గడి దగ్గరే మొదలవ్వాలి, ఎనిమిది గళ్ళది ఎనిమిదో ఎక్కం దగ్గరే. అంటే ఆ పాత చెట్టే ఇక్కడ మళ్ళీ మొలిచింది. ఒక్క గడి కబుర్లు ఇష్టమొచ్చినట్టు చల్లితే, ఊరి చివర సిగ్నల్ అందక ఇబ్బంది పడుతున్న ఫోన్‌కి ఎనిమిది గళ్ళు ఒకచోట దొరకవు. డేటా దిమ్మలు ఖాళీగా ఉన్నా, "ఇది నీది" అని చెప్పే దారి లేక అతను ఆగిపోతాడు. అన్నిటికంటే దూరంగా, అన్నిటికంటే బలహీనంగా ఉన్నవాడికే దెబ్బ తగలడం నన్ను బాధిస్తుంది.

తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల్లో చదువుతున్న పిల్లలకీ, వాళ్ళ మాస్టార్లకీ ఒక మనవి. ఈ లెక్క చేసి చూడడానికి ల్యాబ్ పరికరాలు ఏమీ అక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్ ఒకటి చాలు. 256 ఆకుల చెట్టు ఒకటి రాయండి. కాల్స్ యాదృచ్ఛికంగా వచ్చి వెళ్ళేలా చేయండి. కొన్ని ఒక ఆకు అడిగేవి, కొన్ని ఎనిమిది అడిగేవి, కొన్ని ముప్పై రెండు. మూడు పద్ధతుల్లోనూ పంచి, ఎన్ని కాల్స్ వెనక్కి పోయాయో లెక్కపెట్టండి. తర్వాత ఒకటి రెండు కాల్స్‌ని కదిలించడానికి ఒప్పుకుని మళ్ళీ లెక్కపెట్టండి. కాల్ ఎంతసేపు ఉంటుందో ముందే కొంత ఊహించగలిగితే, త్వరగా వెళ్ళిపోయేవాళ్ళని ఒకే కొమ్మ మీద పెడితే ఏమవుతుందో కూడా చూడండి. మాస్టార్లూ, ఎక్కడినుంచో దించుకొచ్చిన ప్రాజెక్టు రిపోర్టుల బదులు ఈసారి ఈ చెట్టుని మీ పిల్లల చేత గీయించండి.